చెక్‌పోస్టులో పాసైన గూఢచారి

ఈ దసరా సెలవులు అయిపోయిన రోజు సాయంత్రం నేనెక్కడున్నానో చెప్తే మీరు నమ్మరు. ఖమ్మంలో ఒక హాస్టల్లో, తొమ్మిదో తరగతి పిల్లల మధ్య, ఆఖరి బెంచీ మీద కూర్చుని క్షమాపణ పత్రం రాస్తున్నాను. నలభై మూడేళ్లవాణ్ణి. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఒక్క మెమో అందుకోని ప్రభుత్వోద్యోగిని. టీ తాగుతూ వినండి. నవ్వాలనిపిస్తే కప్పు కింద పెట్టి నవ్వండి.

నా పని మీకు తెలిసిందే. బూర్గంపాడు దాటి అడవి మొదలయ్యే చోట చెక్‌పోస్టులో రాతపని. వెదురు గానీ, కలప గానీ, తునికాకు గానీ, ఏ లారీ వచ్చినా పర్మిట్ చూడాలి, ప్రతి కాగితం మీదా గుండ్రటి ముద్ర కొట్టాలి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి, ఆ తర్వాతే గేటు ఎత్తించాలి. ఒక కాగితం మీద ముద్ర సరిగా పడకపోతే ఇంటికెళ్లాక కూడా నాకు అన్నం సహించదు. మా ఆవిడ సుశీల అంటుంది, పెళ్లినాడు శుభలేఖ మీద కూడా ముద్ర కోసం వెతికిండని. అది అబద్ధం. తారీఖు సరిచూశానంతే.

మాకు ఒక్కడే కొడుకు, శ్రీను. మా ఊరి బడిలో లెక్కల మాస్టారు బదిలీ అయి రెండేళ్లయింది, ఆయన కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. అందుకని వాణ్ణి ఖమ్మంలో చేర్పించాము. సీటు కోసం నాలుగుసార్లు తిరిగాను. చేర్చుకున్న రోజే వార్డెన్ సారు నన్ను పక్కకు పిలిచి, "మా దగ్గర దెబ్బలుండవు. కానీ పెట్టెల నవల కనబడ్డదనుకో, మాటలుండవు. టీసీ చేతిల పెట్టి బస్సెక్కిస్త," అన్నాడు. టీసీ వస్తే వాడు మళ్లీ ఖాళీ కుర్చీ ముందు కూర్చోవాల్సిందే. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్రలో కూడా టీసీ పుస్తకమే కనబడేది.

ప్రతి శనివారం వాడికి ఇన్‌లాండ్ లెటర్ రాస్తాను. నీళ్లు కాచి తాగమని, తడి బనియను వేసుకోవద్దని, బస్టాండు వైపు వెళ్లొద్దని, బొబ్బర్లు అరగకపోతే వాము నమలమని. చోటు చాలక అంచుల్లో రాస్తాను. బంక ఉండే మడత మీద కూడా రాస్తాను. వాడు చింపేసరికి ఆ ముక్క చిరిగిపోతుందట. వాడి జవాబు మాత్రం ఎప్పుడూ మూడు వాక్యాలే. "నేను క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. బాగా చదువుతున్నాను."

దసరాకి వాడు వచ్చాడు. వాడు స్నానానికి వెళ్లగానే నేను పెట్టె విప్పాను. అలవాటు. లాగుల కింద ఒక నవల దొరికింది. అట్ట మీద మీసం మొలిచీ మొలవని కుర్రాడు మోటార్ సైకిల్ మీద ఉన్నాడు. చేతిలో పిస్తోలు. వెనక ఓడ తగలబడుతోంది. పైన ఎర్రక్షరాల్లో 'ఏజెంట్ మయూర్' అని, దాని కింద 'వయసు పదహారు, పని రహస్యం' అని ఉంది. నెలకొకటి వస్తుందట. ఇది పదకొండోది.

"ఇదేందిరా?"

"నవల," అన్నాడు వాడు, తల తుడుచుకుంటూ.

"నవలని నాకు కనబడతలేదా? హాస్టల్ల చదువుతున్నవా?"

"లేదు నాన్నా. వచ్చేటప్పుడు బస్టాండుల కొన్న. సగం బస్సులనే అయింది. మిగతాది ఈడ్నే చదివి ఈడ్నే పెట్టి పోత."

"పిస్తోలు పట్టుకున్నడు."

"మంచోడే నాన్నా. దేశం కోసం పట్టుకున్నడు. నువ్వొక్కసారి చదివి చూడు. బాగలేకుంటే అప్పుడు తిట్టు."

వంటింట్లోంచి సుశీల అందుకుంది. "అవ్, చదవకుండ తిట్టుడేంది? లారీనైతే చూడకుండ ఆపరు గద మీరు."

న్యాయమైన మాట. చూడకుండా ఆపడం నిబంధనలకు విరుద్ధం. మర్నాడు నవలని టిఫిన్ డబ్బాతో పాటు సంచిలో పెట్టుకుని చెక్‌పోస్టుకి తీసుకెళ్లాను.

తనిఖీ అంటే తనిఖీయే. ఎర్ర పెన్ను తీసుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. మయూర్ పొద్దున బడికి వెళ్తాడు, మధ్యాహ్నం ఇంటర్వెల్లో గోడ దూకి సముద్రంలోకి వెళ్తాడు, శత్రువుల జలాంతర్గామిలో చొరబడతాడు. నా కంగారు వేరే. పదహారేళ్లవాడికి మోటార్ సైకిల్ లైసెన్సు ఎవరిచ్చారు? తడిబట్టలతో అరవై పేజీలు తిరిగాడు, జలుబు చేయదా? నూట ఇరవై పేజీల నవలలో వాడు అన్నం తిన్నది ఒక్కసారి. అది కూడా మత్తుమందు కలిపిన అన్నం. అంచుల్లో ఇవన్నీ రాస్తూ పోయాను.

మధ్యలో లారీలు వస్తుంటాయి కదా. వచ్చినప్పుడల్లా పుస్తకం మూయాలి, తిరిగొచ్చాక ఎక్కడిదాకా చూశానో వెతుక్కోవాలి. చేతిలో ముద్ర ఉండనే ఉంది. చూసిన పేజీ మీద ఒకటి కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. పని సులువైంది. పదో పేజీ దాటాక చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. మా ముద్ర రబ్బరు కూడా అరిగిపోయింది. పైన 'ప్రభుత్వం', మధ్యలో 'తనిఖీ చేయబడినది' అని పడతాయి గానీ కింద అడవి, చెక్‌పోస్టు అనేవి మసిమసిగా ఉంటాయి.

మా గార్డు భద్రయ్య గేటు దగ్గర నుంచి రెండుసార్లు తొంగి చూశాడు. "ఏ రేంజి పర్మిట్ సార్ గది, ఇంత లావుంది?"

"మావాడి పుస్తకం. పరిశీలిస్తున్న."

"దొంగ సరుకా?"

"ఇంకా తెలియలే. డెబ్బయ్యో పేజీల ఉన్న."

ఒక వెదురు లారీ డ్రైవరైతే కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశాడట. నేను గమనించలేదు. చివరికి గొంతు సవరించుకుని, "సార్, ఆ పోరడు బతికిండా లేదా జల్దీ చెప్పుండ్రి, నా లారీ ఇంజన్ బంద్ చెయ్యాల్నా వద్దా," అన్నాడు. నా పెదాలు కదులుతున్నాయట. పైకే చదువుతున్నానట.

మీ దగ్గర దాపరికమెందుకు, అప్పటికి నేను తనిఖీ చేయడం మానేసి చదువుతున్నాను.

ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. మయూర్‌ని జలాంతర్గామిలో గొలుసులతో కట్టేస్తారు. వాడు ఒంటి చేత్తో అమ్మానాన్నలకు కార్డు రాస్తాడు. "నేను క్షేమం. బాగా చదువుతున్నాను." వాళ్ల నాన్న ఆ కార్డు చదువుకుని, హాయిగా నవ్వి, పేపరు తిరగేస్తాడు. పుస్తకం మూసి చాలాసేపు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో అలాంటి ఉత్తరాలు ముప్ఫై ఒకటి ఉన్నాయి, దారంతో కట్టి.

తొంభై ఆరో పేజీలో అభ్యంతరం దొరికింది. మయూర్ విడిపించిన అమ్మాయి వాడి చెంప మీద ముద్దు పెడుతుంది. ఎదురుగా తొంభై ఏడో పేజీలో దేశద్రోహి ఎవరో బయటపడుతుంది. ముద్దును ఆపాలంటే రెండు పేజీలూ కలిపి అంటించాలి. ద్రోహి పేరు పోతుంది నిజమే, కానీ ఏం చేస్తాం, ఒక్క దొంగ దుంగ ఉంటే లారీ మొత్తం పక్కన పెట్టాల్సిందే కదా. ఆఫీసు బంక తీసి, నాలుగంచులా పూసి, మీద రిజిస్టరు పెట్టి బరువుంచాను. ఎండాక దాని మీద కూడా ముద్ర కొట్టాను.

నవల మొత్తం మీద మంచిదే అని తేల్చాను. వేసవి సెలవుల్లో ఇంట్లో చదువుకోమని ఇస్తాను, అప్పటిదాకా నా డ్రాయర్లో ఉంటుంది, అని శ్రీనుకి చెప్పాను. వాడు "సరే" అన్నాడు గానీ మొహం మాడ్చుకున్నాడు. వాడికి ఇంకా సగం మిగిలింది.

ఇక్కడ నా బుద్ధి గడ్డి తింది. వాడు బయల్దేరే ముందు రోజు, ఆఖరి అధ్యాయం మళ్లీ ఒకసారి చూద్దామని పుస్తకం ఇంటికి తెచ్చాను. పరిశీలన కోసమే తెచ్చానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. చూసి, గూట్లో శ్రీను బట్టల మీద పెట్టి, భోజనానికి లేచాను.

ఆదివారం పొద్దున వాడు బస్సెక్కాడు. నేను డ్యూటీకి వెళ్లాను. పది గంటలకు లారీలు తగ్గాయి. డ్రాయరు తీశాను. పుస్తకం లేదు. అప్పుడు గుర్తొచ్చింది గూడు. సైకిలు తీసి ఇంటికి తొక్కాను.

"గూట్లో పుస్తకమేది?"

సుశీల చింతపండు పిసుకుతోంది. "పెట్టెల పెట్టిన."

"ఎవరి పెట్టెల?"

"వాడి పెట్టెల. ఇంకెవరిది?"

"నవల సుశీలా అది. హాస్టలుకి నవల పంపినవా?"

"నవలో, సైన్సో నాకేం ఎరుక? అట్టకు పేపర్ అట్ట వేసింది మీరే గద. లోపల తీసి చూసిన. ప్రతి పేజీకి ముద్ర ఉంది, మీ సంతకం ఉంది. మీరు పాస్ చేసినంక ఆపనీకి నేనెవరు?"

అవును, పిస్తోలు కనబడకూడదని అట్ట వేసింది కూడా నేనే. సెలవుల తర్వాత మొదటి సాయంత్రం ఆరు గంటలకు హాస్టల్లో పెట్టెల తనిఖీ ఉంటుంది. ఆ లోపు పుస్తకం బయటికి రావాలి. లేకపోతే రేపు పొద్దున నా కొడుకు చేతిలో టీసీతో దిగుతాడు. భద్రయ్యకు చెప్పి, సెలవు చీటీ రాసి, దొరికిన బస్సెక్కాను.

దారంతా వాడి మొహమే. కారేపల్లి దగ్గర టైరు పంక్చరైంది. కండక్టరు జాకీ వెతుకుతుంటే నేను రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ మాటలు కూడబెట్టుకున్నాను. 'సారూ, తప్పు వాడిది కాదు.' ఎంత సాధన చేసినా నా నోటికి అది దొంగ లారీ డ్రైవరు మాటలాగే వినబడింది.

ఖమ్మంలో దిగేసరికి అయిదు దాటింది. ఆరోజు తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వరు, గేటుకి బోర్డు కట్టారు. నేను నేరుగా వాచ్‌మన్‌తో మాట్లాడి ఉంటే సరిపోయేది. బుద్ధున్నవాడెవడైనా అదే చేస్తాడు. కానీ నేను మొన్ననే నూట ఇరవై పేజీలు చదివి ఉన్నాను. మయూర్ ఎప్పుడూ ముందు గేటుకి వెళ్లడు. ఆరో అధ్యాయంలో కూరగాయలవాడి వేషంలో వంటింటి దారిన వెళ్తాడు.

వంకాయలు కొన్నాను. గోనెసంచిలో పోయించి భుజానెత్తుకున్నాను. తలకి తువ్వాలు చుట్టాను. తల వంచుకుని వెనక గేటు దాటాను. నాలుగడుగులు వేశానో లేదో, "ఏయ్, ఎవరయ్యా నువ్వు?" అని వినిపించింది.

వాచ్‌మన్ మల్లయ్య. పెద్దాయన, కళ్లు మాత్రం గద్దవి.

"కూరగాయలు," అన్నాను గొంతు మార్చి.

"ఏం కూరగాయలు?"

"వంకాయలు."

"ఇయ్యాల ఆయితారం. కోడిగుడ్ల పులుసు. వంకాయలెవరు చెప్పిన్రు?"

ఆరో అధ్యాయంలో ఈ ప్రశ్న లేదు. "పెద్దసారు," అన్నాను.

మల్లయ్య నా చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇస్త్రీ అంగీ, జేబుల రెండు పెన్నులు, చేతికి గడియారం. వంకాయలమ్మెటోడికి ఎర్ర పెన్ను ఎందుకయ్యా? నడువ్ సారు దగ్గరికి. సంచి నువ్వే మొయ్యి."

వార్డెన్ సారు గదిలోకి సంచితో సహా వెళ్లాను. ఆరోజు తనిఖీ నాలుగింటికే మొదలుపెట్టారట, అప్పటికే అయిపోయింది. మొదటి పెట్టె మావాడిదేనట. శ్రీను గోడ పక్కన నిలబడి ఉన్నాడు. బల్ల మీద టీసీ పుస్తకం ఉంది. వార్డెన్ సారు కుర్చీలో ఉన్నాడు. ఆయన చేతిలో మయూర్ ఉన్నాడు. చూపుడువేలు పేజీల మధ్య ఉంది, చదివినంతవరకు గుర్తుగా.

"నాన్నా," అన్నాడు శ్రీను. "ఆ తువ్వాలేంది?"

తువ్వాలు తీశాను.

"మీరా?" అన్నాడు వార్డెన్ సారు. తర్వాత పుస్తకం నా వైపు తిప్పాడు. "ఈ ముద్రలేంది? ప్రభుత్వం అని ఉంది, తనిఖీ అని ఉంది, ప్రతి పేజీకి సంతకం ఉంది. మీవోణ్ణి అడిగితే మా నాన్న తనిఖీ చేసిండు అంటడు. మీరు పుస్తకాలు పరీక్షించే ఆఫీసరా? ఇది ప్రభుత్వం మంజూరు చేసిన పుస్తకమైతే ముందే చెప్పాలె గద. నేను టీసీ రాయబోయి ఆగిన."

చూడండి నా అదృష్టం. తలుపు దానంతటదే తెరుచుకుంది. అవునంటే చాలు, కొడుకు సీటు నిలుస్తుంది. శ్రీను నా మొహం వైపే చూస్తున్నాడు. పద్దెనిమిదేళ్లు ముద్ర పట్టుకున్న చెయ్యి, దానికి అబద్ధం రాదు.

"కాదు సారూ. నేను చెక్‌పోస్టుల వెదురు లారీలకు ముద్ర కొట్టేటోణ్ణి. పేజీ మర్చిపోకుండ కొట్టిన."

వార్డెన్ సారు టీసీ పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. పెన్ను మూత తీశాడు. నా సంచిలోంచి ఒక వంకాయ దొర్లి ఆయన బల్ల కిందికి పోయింది.

"ఒక్క మాట సారూ," అన్నాను. "మా దగ్గర ఒక పద్ధతుంది. లారీల తప్పుడు సరుకుంటే పర్మిట్ చూస్తం. పర్మిట్ లేకుంటే డ్రైవర్ది తప్పు. పర్మిట్ ఉండి, ముద్ర ఉంటే, డ్రైవర్ని ఏమనం. ముద్ర కొట్టిన గుమస్తాని పట్టుకుంటం. ఈ పుస్తకం వాడు పెట్టుకోలే. వాళ్లమ్మ నా ముద్ర చూసి పెట్టింది. పట్టుకుంటే నన్ను పట్టుకోండి."

ఆయన పెన్ను అలాగే ఆగింది. తర్వాత తొంభై ఆరో పేజీ దగ్గర గోటితో గీకాడు.

"ఈడ బంకెందుకు పూసిన్రు?"

"ముద్దుంది సారూ. చెంప మీద."

"సరే. అది కాదు నేనడిగేది." ఆయన గొంతు తగ్గించాడు. "ద్రోహి ఎవరో కూడ ఈడ్నే ఉండాలె. తొంభై అయిదు దాక చదివిన. తొంభై ఎనిమిదిల అప్పటికే పట్టుకున్నరు, పేరు లేదు. ఎవరు?"

"వాళ్ల హెడ్‌మాస్టరు సారూ."

వార్డెన్ సారు మొహం ముడుచుకుంది. తనను అన్నంత బాధపడ్డాడు.

"నాన్నా," అన్నాడు శ్రీను వెనకనుంచి, ఏడుపు గొంతుతో. "చెప్పేసినవేంది? నేనింక ఆడి దాక చదవనే లేదు గద."

టీసీ గురించి కాదు, దీని గురించి వాడికి కళ్లలో నీళ్లొచ్చాయి. వార్డెన్ సారు వాడి వైపు చూశాడు, నా వైపు చూశాడు, టీసీ పుస్తకం సొరుగులో పెట్టాడు.

"పోరడు చదవలేదన్నది రుజువైంది," అన్నాడు. "తప్పు మీది. శిక్ష మీకే. మా దగ్గర తప్పు చేసినోళ్లు స్టడీ అవర్ల కూసోని క్షమాపణ రాస్తరు. ఎనిమిదింటి దాక స్టడీ. ఇగో కాగితాలు. వంకాయలు వంటాయనకు ఇచ్చి పోండి, రేపు పనికొస్తయి."

అలా వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నాను. పిల్లలెవరూ నవ్వలేదు, వార్డెన్ సారు గుమ్మంలో నిలబడ్డాడు కాబట్టి. ఆయన అటు వెళ్లగానే అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. శ్రీను మాత్రం తన చోటు వదిలేసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాడు లెక్కలు చేస్తున్నప్పుడు నాలుక కొంచెం బయట పెడతాడని అప్పుడు చూశాను. పెన్సిలు ముక్క చిన్నదైపోతే వెదురు గొట్టంలో దోపుకున్నాడు. ముందు బెంచీ కుర్రాడు ఏదో గుసగుసగా అంటే మావాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. తడి బనియను మాత్రం వేసుకోలేదు, మెడ దగ్గర చెయ్యి పెట్టి చూశాను.

"రాయి నాన్నా," అన్నాడు వాడు. "సారు వస్తడు."

మూడు పేజీలు రాశాను. వార్డెన్ సారు చదివి, చాలా బాగుందని, ఇంత వివరంగా ఇప్పటిదాకా ఎవరూ తప్పు ఒప్పుకోలేదని అన్నాడు. నవల మాత్రం తిరిగివ్వలేదు.

శ్రీను సీటు నిలిచింది. అర్ధసంవత్సర పరీక్షల్లో లెక్కల్లో రెండో ర్యాంకు కూడా వచ్చింది. ఉత్తరాలు నాలుగు వాక్యాలయ్యాయి. నేను మాత్రం నెలకొకసారి వెళ్తే, మిగతా తండ్రులందరూ నేరుగా లోపలికి పోతారు, నా సంచి ఒక్కటే మల్లయ్య గేటు దగ్గర విప్పుతాడు. వార్డెన్ సారు ఆర్డరట. మురుకుల డబ్బా మూత తీస్తాడు, లోపల చెయ్యి పెట్టి అడుగు దాకా తడుముతాడు, ఒకటి కొరికి చూస్తాడు. నేను చేతులు కట్టుకుని నిలబడతాను. పోయిన నెల మురుకులు పాత వారపత్రిక కాగితంలో చుట్టాను. దాని మీద ఏదో డిటెక్టివ్ సీరియల్ ముక్క ఉందట. మల్లయ్య రెండు వైపులా తిప్పి చూసి, "ఇది లోపలికి పోనియ్య," అని చింపి జేబులో పెట్టుకున్నాడు.

మంచి పనే చేశాడు. కాకపోతే అందులో సగం నేను బస్సులో చదివేశాను. హంతకుడి పేరు రెండో వైపు ఉండాలి. అడగడానికి మొహం చెల్లక వచ్చేశాను.